మా అమ్మను తెలుగులో అడగండి

గౌరవనీయులైన అమెరికా కాంగ్రెస్ సభ్యులకు,

నమస్కారం. ఈ ఉత్తరం ఇంగ్లిష్ ప్రతి మీ ఆఫీసులకు పోస్టులో వేరుగా వస్తుంది. తెలుగులో కూడా రాసి అందరి ముందూ పెట్టడానికి ఒక కారణం ఉంది. ఇది మా అమ్మ గురించి రాస్తున్న ఉత్తరం. తన గురించి నేనేం రాశానో అమ్మ స్వయంగా చదువుకోవాలి, ఎక్కడైనా తప్పు రాస్తే దిద్దాలి. అమ్మ వయసులో ఈ దేశం వచ్చి, మనవళ్లను పెంచి, సిటిజన్‌షిప్ పరీక్ష దగ్గర ఆగిపోయిన పెద్దవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లూ చదవాలి.

నేను న్యూజెర్సీలో ఉంటాను. 2001లో చదువుకోవడానికి వచ్చాను, 2015లో సిటిజన్ అయ్యాను. ముందు నా పరీక్ష సంగతి చెప్తాను. ఇంటర్వ్యూకి ముందు రోజు రాత్రి పిల్లలు పడుకున్నాక, పరీక్షలో అడిగే 100 ప్రశ్నల జాబితా ఒకసారి చదివాను. పొద్దున కారులో మా ఆయన పది ప్రశ్నలు అడిగారు. లోపల ఆరు అడిగారు, ఆరూ చెప్పాను, అంతే. పది ప్రశ్నల్లో ఆరు వస్తే చాలు కాబట్టి ఏడోది అడగలేదు. మధ్యాహ్నానికి ఆఫీసుకి వెళ్లిపోయాను. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వచ్చిన ఫెడరలిస్ట్ పేపర్లు అనే వ్యాసాలు ఎవరు రాశారో ఆ సాయంత్రానికే మర్చిపోయాను. ఇంగ్లిష్‌లో పరీక్షలు రాస్తూ పెరిగిన నాకు ఇది మరో పరీక్ష. ఈ దేశం గురించి నాకు ఏమాత్రం పట్టింపు ఉందో ఆ ఆరు జవాబుల్లో ఎవరికీ కనిపించదు.

అమ్మ కథ వేరు.

అమ్మది నల్గొండ జిల్లా. 1954లో పుట్టింది. తెలుగులో అయిదో తరగతి దాకా చదివింది. నాన్న పోయాక ఒక్కతే ఊళ్లో ఉండలేక, నేను పిటిషన్ వేస్తే 2017లో గ్రీన్ కార్డుతో నా దగ్గరికి వచ్చింది. అప్పటికి అమ్మకు 63 ఏళ్లు. అయిదేళ్లు నిండాక సిటిజన్‌షిప్‌కు అప్లై చేస్తానని తనే అడిగింది. ఆ మాట నేను అనలేదు, మా తమ్ముడూ అనలేదు.

ఆదివారం పొద్దున మా ఊరి లైబ్రరీలో ఒక గది తీసుకుని, పెద్దవాళ్లకు ఈ పరీక్షకు క్లాసు చెప్తుంటాను. అమ్మ కోసం మొదలుపెట్టాను, ఇప్పుడు తొమ్మిది మంది వస్తున్నారు. గుంటూరులో ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారుగా చేసిన ఒక బాబాయిగారు, కరీంనగర్ నుంచి వచ్చిన ఇద్దరు అక్కాచెల్లెళ్లు, ఒక గుజరాతీ పెద్దమ్మ కూడా. అమ్మ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. ఎడమ పేజీలో ప్రశ్న తెలుగులో, కుడి పేజీలో జవాబు ఇంగ్లిష్ పలుకుబడిలోనే తెలుగు అక్షరాల్లో. 'ద కాన్‌స్టిట్యూషన్'. 'వి ద పీపుల్'. 'ఫోర్ హండ్రెడ్ థర్టీ ఫైవ్'. 'ఫోర్ హండ్రెడ్' కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు, ఎందుకంటే అక్కడ తడబడేది. పొద్దున కాఫీ తాగుతూ ఒక పేజీ, రాత్రి దీపం ఆర్పే ముందు ఒక పేజీ. లలితా సహస్రనామం ఎలా పట్టుదలగా నేర్చుకుందో ఇదీ అలాగే నేర్చుకుంది.

ఒక ఆదివారం 'అమెండ్‌మెంట్ అంటే ఏమిటి' అనే ప్రశ్న వచ్చింది. జాబితాలో ఉన్న జవాబు చిన్నది, రాజ్యాంగంలో చేసే మార్పు అని. అందరూ ఆ ఇంగ్లిష్ మాటలు వల్లె వేస్తున్నారు. కొందరికి అర్థం కావడం లేదేమో అని తెలుగులో చెప్పబోయాను. అమ్మ ఆపింది. "సవరణ అంటే నాకెందుకు తెల్వదు బిడ్డా? నేను సవరణతోనే గెలిచిన. ఆడోళ్లకు మూడింట ఒకటి ఇయ్యాలని రాజ్యాంగం మార్చిండ్రు. మార్చకపోతే మా ఊళ్లె నన్ను ఎవరు నిలబెడుతుండె?" అంది.

నేను చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. భారత రాజ్యాంగానికి 73వ సవరణ జరిగాక మా రాష్ట్రంలో మొదటి పంచాయతీ ఎన్నికలు 1995లో వచ్చాయి. మహిళలకు రిజర్వ్ అయిన వార్డులో అమ్మ మెంబర్‌గా గెలిచింది. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను, ఆ సంగతి నాకు గుర్తున్నది అమ్మ కొత్త చీర కట్టుకుని ప్రమాణం చేయడం వరకే. ఆ గెలుపుకూ 'సవరణ' అనే మాటకూ ఉన్న సంబంధం అమ్మకు అంత స్పష్టంగా తెలుసని నాకు ఆ రోజు దాకా తెలియదు.

నల్గొండ అంటే తెలుగువాళ్లందరికీ గుర్తొచ్చేది ఫ్లోరైడ్ నీళ్లు. పళ్లు గారపట్టడం, నడుములు వంగిపోవడం, చిన్న పిల్లల కాళ్లు వంకర్లు పోవడం చూస్తూ పెరిగాం. అమ్మ వార్డు మెంబర్‌గా ఉన్నన్నాళ్లూ ఒకటే పోరు. మంచినీళ్ల ట్యాంకర్ మా వాడకు ఎందుకు రాదని గ్రామసభలో లేచి అడిగేది. మొదటిసారి లేచినప్పుడు మగవాళ్లు నవ్వారట. నాలుగోసారి లేచినప్పుడు ఎవరూ నవ్వలేదట. మండలాఫీసుకి పదహారు సార్లు తిరిగింది. అర్జీ కాపీలన్నీ ప్లాస్టిక్ కవర్‌లో దాచుకుంది, అమెరికా వచ్చేటప్పుడు ఆ కవర్ కూడా సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చుకుంది. ప్రభుత్వం దగ్గర మొర పెట్టుకునే హక్కు మీ మొదటి అమెండ్‌మెంట్‌లో ఉన్న హక్కుల్లో ఒకటని క్లాసులో చెప్తే, అమ్మ ఇంటికి వెళ్లాక ఆ కవర్ తీసి నాకు చూపించింది.

'చెక్స్ అండ్ బ్యాలెన్సెస్' గురించి చెప్పినప్పుడూ అంతే. ప్రెసిడెంట్, కాంగ్రెస్, కోర్టు ఒకరినొకరు అదుపులో ఎలా పెట్టుకుంటారో నేను బోర్డు మీద బొమ్మ గీస్తున్నాను. అమ్మ అందుకుంది. "ఇప్పుడు మా ఊళ్లె సర్పంచ్ ఒక్కడే చెక్కు మీద సంతకం పెడితే బ్యాంకుల పైసలు రావు. ఉపసర్పంచ్ గూడ పెట్టాలె. గదే గద?" తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక పద్ధతి అదే. ఆ గదిలో ఉన్న తొమ్మిది మందికీ నా బొమ్మ కంటే అమ్మ మాటే బాగా ఎక్కింది. తర్వాతి వారం మాస్టారుగారు ఆ ప్రశ్నకు జవాబు అమ్మ ఉదాహరణతోనే చెప్పారు.

ఇప్పుడు ఇంటర్వ్యూ రోజుకు వస్తాను. అది 2024. నేను బయట కూర్చున్నాను, కాబట్టి లోపల జరిగింది అమ్మ చెప్పగా విన్నదే. ఆఫీసర్ చాలా మర్యాదగా మాట్లాడారట, నెమ్మదిగా అడిగారట. వాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. రాజ్యాంగం, చరిత్ర ప్రశ్నలు వరసగా ఆరు అడిగారు. ఆరూ చెప్పింది. ఒక వాక్యం చదవమన్నారు, చదివింది. ఒకటి రాయమన్నారు, రాసింది. మనవరాలి నాలుగు గీతల నోట్‌బుక్‌లో రెండేళ్లు దిద్దిన అక్షరాలు అవి. తర్వాత అప్లికేషన్ ఫారం తెరిచారు. ఎన్ 400 అనే ఆ ఫారంలో ఉన్న ప్రశ్నలు ఒక్కొక్కటీ అడుగుతారు. ఇంగ్లిష్ వినడం, మాట్లాడడం వచ్చా లేదా అన్నది ఆ సంభాషణలోనే తేలుస్తారు.

అక్కడ అమ్మ ఆగిపోయింది. నియంతృత్వ పార్టీలో ఎప్పుడైనా సభ్యులుగా ఉన్నారా? మతం, జాతి, రాజకీయ అభిప్రాయం పేరుతో ఎవరినైనా పీడించారా? చట్టం అడిగితే సైన్యంలో ఆయుధం పట్టని సేవ చేస్తారా? తెలుగులో అడిగితే అమ్మ ప్రతిదానికీ తడుముకోకుండా జవాబు చెప్పగలదు. ఇంగ్లిష్‌లో ఆ మాటలు నా తోటి ఇంజనీర్లకే నోరు తిరగవు. అర్థం కాని ప్రశ్నకు అమ్మ "యెస్" అంది. మా పల్లెల్లో పెద్ద కుర్చీలో కూర్చున్న మనిషి ఏదైనా అడిగితే, అర్థం కాకపోయినా తలూపడం మర్యాద. ఆఫీసర్ ఇంకోలా అడిగారు. అమ్మ మళ్లీ "యెస్" అంది. రెండున్నర నెలల తర్వాత రెండో అవకాశం ఇచ్చారు. ఈసారి యెస్ అనకూడదని భయపడి ఏమీ మాట్లాడలేదు. ఆ అప్లికేషన్ అక్కడితో పోయింది.

కారులో ఇంటికి వస్తుంటే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆరు ప్రశ్నలు చెప్పిన గద, అవి లెక్కల రావా?" అని అడిగింది. రావని చెప్పలేక నేను సిగ్నల్ దగ్గర రెడ్ లైట్ వైపే చూస్తూ కూర్చున్నాను.

అమ్మ వల్లె వేసిన ఆరు ఇంగ్లిష్ జవాబులు చాలు, పాస్ అని మీ పరీక్ష ఒప్పుకుంది. 'సవరణతోనే గెలిచిన' అన్న మనిషిని వినే చోటు మాత్రం ఆ గదిలో లేదు. పౌరులయ్యేవాళ్లకు ఈ దేశపు రాజ్యాంగం తెలిసి ఉండాలన్నది మీ ఉద్దేశం అయితే, అది అమ్మకు తెలుసో లేదో మీరు ఇంకా అడగనే లేదు.

నేను పరీక్ష అసలే వద్దనే మనిషిని కాదు. ఆదివారం క్లాసుల్లో ఆ ప్రశ్నలు మా పెద్దవాళ్లకు ఏం ఇచ్చాయో నా కళ్లతో చూశాను. మార్టిన్ లూథర్ కింగ్ పేరు విన్నవాళ్లే గానీ, ఆయన ఏ హక్కు కోసం నడిచారో మొదటిసారి తెలుసుకున్నారు. అమెరికాలో ఆడవాళ్లందరికీ ఓటు హక్కు రాజ్యాంగంలోకి వచ్చింది 1920లోనే అని చెప్తే నమ్మలేదు. 'మాకు మొదటి ఎలక్షన్ నుంచే ఉంది కదా' అని కరీంనగర్ అక్కగారు గర్వంగా అన్నారు. బానిసత్వం గురించి, అంతర్యుద్ధం గురించి అడిగీ అడిగీ చెప్పించుకున్నారు. 'వి ద పీపుల్' దగ్గరికి వచ్చినప్పుడు మాస్టారుగారు 'భారత ప్రజలమైన మేము' అని మా రాజ్యాంగ ప్రవేశిక మొదటి మాటలు చదివారు. రెండు దేశాలూ ఒకే మాటతో మొదలుపెట్టాయని గది అంతా ఒక్కసారి నిశ్శబ్దం అయిపోయింది. ఇలాంటి చదువు ఉండాలి. అందరికీ ఉండాలి. 2018లో ఉడ్రో విల్సన్ ఫౌండేషన్ ఈ పరీక్ష ప్రశ్నలే అమెరికన్లను అడిగి చూస్తే, ముగ్గురిలో ఒక్కరే పాసయ్యేలా ఉన్నారని తేలింది. పుట్టుకతో పౌరులైనవాళ్లను తక్కువ చేయాలని ఈ మాట చెప్పడం లేదు. ఇష్టంగా కూర్చుని నేర్చుకునే మా అమ్మలు ఈ దేశానికి బరువు అనుకోవద్దని చెప్తున్నాను.

అడ్డం పడుతున్నది ఇంగ్లిష్. దాని నుంచి పెద్దవాళ్లకు మినహాయింపు ఇచ్చామని మీరు అంటారు. నిజమే, ఇమిగ్రేషన్ అండ్ నేషనాలిటీ చట్టం సెక్షన్ 312లో ఉంది. 50 ఏళ్లు దాటి, గ్రీన్ కార్డుతో 20 ఏళ్లు ఉన్నవాళ్లకు, లేదా 55 దాటి 15 ఏళ్లు ఉన్నవాళ్లకు ఇంగ్లిష్ అక్కర్లేదు, దుబాసీని తెచ్చుకుని సొంత భాషలో జవాబులు చెప్పొచ్చు. 65 దాటి 20 ఏళ్లు ఉంటే 20 ప్రశ్నల చిన్న జాబితా ఇస్తారు, అందులో పది అడుగుతారు, ఆరు చెప్తే చాలు.

లెక్క వేసి చూడండి. 63 ఏళ్లకు వచ్చిన మా అమ్మకు తెలుగులో జవాబు చెప్పే హక్కు వచ్చేది 2032లో, అప్పటికి తనకు 78. చిన్న జాబితా అందేది 2037లో, 83 ఏళ్లకు. నలభైల్లో వచ్చి ఇక్కడ పదిహేనేళ్లు ఉద్యోగం చేసి, ఇంగ్లిష్ వింటూ బతికినవాళ్లకు ముందుగా మినహాయింపు దొరుకుతుంది. అరవై దాటాక వచ్చి, ఇంగ్లిష్ వినే అవకాశమే లేని వంటింట్లో మనవళ్లకు అన్నం తినిపించినవాళ్లకు మాత్రం చివరికి దొరుకుతుంది. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లను వెనక నిలబెట్టే లెక్క ఇది. 1952 చట్టంలో మొదలై, 1978, 1990, 1994 మార్పులతో ఇప్పటి రూపానికి వచ్చిన నియమం. ఎప్పుడో వచ్చి ఇక్కడే వృద్ధులైనవాళ్లను తలచుకుని రాశారు. పిల్లలు పిటిషన్ వేస్తే వృద్ధాప్యంలో వచ్చే తల్లిదండ్రులు ఆ లెక్కలో లేరు.

చరిత్ర కొంచెం గుర్తు చేస్తాను, దయచేసి ఏమీ అనుకోవద్దు. 1790లో మీ మొదటి పౌరసత్వ చట్టం తెల్లవాళ్లకే పౌరసత్వం అంది. 1923లో భగత్ సింగ్ థింద్ అనే భారతీయుడు సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి, చదువుకున్న మనిషి, మీరు ఏ ప్రశ్న అడిగినా చెప్పగలిగేవాడు. అతను తెల్లవాడు కాదని కోర్టు పౌరసత్వం కాదంది. 1946లో గానీ చట్టం మారి భారతీయులకు తలుపు తెరుచుకోలేదు. ఇంగ్లిష్ మాట్లాడడం రావాలన్న నియమం 1906లో, చదవడం, రాయడం, చరిత్ర తెలిసి ఉండడం అన్నవి 1950లో, కమ్యూనిస్టుల భయం ముదిరిన రోజుల్లో వచ్చాయి. 1917లో వలస వచ్చేవాళ్లకు చదువు పరీక్ష పెట్టినప్పుడు కూడా, ఆసియా వాళ్లను రానివ్వని ఆ కఠినమైన చట్టంలో కూడా, ఏ భాషలో చదివినా ఒప్పుకున్నారు. నాకు ఆ చట్టం మీద ఏ గౌరవమూ లేదు. అయినా ఆ ఒక్క విషయంలో అది ఇప్పటి చట్టం కంటే నయం.

దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లను ఓటుకు దూరంగా ఉంచడానికి చదువు పరీక్షలు ఎలా వాడారో మీకు నేను చెప్పక్కర్లేదు. 1965 ఓటింగ్ హక్కుల చట్టంతో వాటిని ఆపింది మీ సభే. 1975లో అదే చట్టానికి ఇంకో మెట్టు కట్టారు. ఇంగ్లిష్ సరిగా రాని పౌరులు ఎక్కువగా ఉన్నచోట వాళ్ల భాషలో బ్యాలెట్ ఇవ్వాలన్నారు. మా పక్క రాష్ట్రం న్యూయార్క్‌లో, క్వీన్స్‌లో, 2013 నుంచి బెంగాలీలో బ్యాలెట్ ఉంది. అంటే ఓటేసే పౌరుడికి ఇంగ్లిష్ రాకపోవచ్చని, రాకపోయినా అతని ఓటుకు విలువ తగ్గదని మీరే ఒప్పుకున్నారు. అదే మనిషి పౌరుడు కావడానికి వచ్చిన రోజున ఇంగ్లిష్ లేకపోతే కుదరదంటున్నారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడల్లా నాకు ఇది అన్యాయం అనిపిస్తుంది.

మీ చట్టంలోనే ఇంకో మాట ఉంది. అడిగే ఇంగ్లిష్ మామూలు వాడుకలో ఉండే మాటలే అయి ఉండాలని, చదవడం, రాయడం విషయంలో అసాధారణమైన షరతులు పెట్టకూడదని సెక్షన్ 312 అంటుంది. పీడన, నియంతృత్వం, ఆయుధం పట్టని సైనిక సేవ, ఇవి ఎవరి ఇంట్లో మామూలు వాడుక మాటలు? కిరాణా షాపులో, డాక్టర్ దగ్గర, స్కూల్ బస్సు స్టాప్‌లో అమ్మ తన పని తాను చేసుకోగలదు. స్టాప్‌లో ఉండే ఇటాలియన్ బామ్మతో రోజూ ఇరవై నిమిషాలు మాట్లాడుతుంది, ఏ భాషలో మాట్లాడుకుంటారో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఒకరింట్లో జ్వరం వస్తే ఇంకొకరింటి నుంచి గిన్నె వస్తుంది.

పెద్దవాళ్ల పట్ల వేరే దేశాలు ఏం చేస్తున్నాయో చూడండి. కెనడాలో 55 దాటితే పరీక్షా లేదు, భాష నిరూపించుకోవాల్సిన పనీ లేదు. ఆస్ట్రేలియాలో 60 దాటినవాళ్లు పరీక్షకు కూర్చోనక్కర్లేదు. బ్రిటన్‌లో 65 దాటితే లైఫ్ ఇన్ ద యూకే పరీక్షా ఉండదు, ఇంగ్లిష్ పరీక్షా ఉండదు. ఈ మూడు చోట్లా మన తెలుగువాళ్ల తల్లిదండ్రులు పౌరులై ఓట్లు వేస్తున్నారు. ఆ దేశాలు దాంతో చెడిపోయింది ఏమీ లేదు. నేను అంత కూడా అడగడం లేదు. పరీక్ష తీసేయమనడం లేదు. అమ్మ పరీక్ష రాస్తుంది. తెలుగులో రాయనివ్వండి.

2025 అక్టోబర్ 20 నుంచి అప్లై చేసేవాళ్లకు పరీక్ష ఇంకా పెద్దదైంది. 100 ప్రశ్నల జాబితా 128 అయింది, పది బదులు ఇరవై అడుగుతారు, పన్నెండు చెప్పాలి. 2020 చివర్లో ఇలాంటిదే ఒకటి తెచ్చి, కొన్ని నెలల్లోనే వెనక్కి తీసుకున్నారు. సెనేటర్ ఎవరికి ప్రతినిధి అన్న ప్రశ్నకు 2008 జాబితాలో 'రాష్ట్రంలోని ప్రజలందరికీ' అని జవాబు ఉండేది. 2020లో దాన్ని 'రాష్ట్ర పౌరులకు' అని మార్చారు. ఆ మార్పు మా క్లాసులో ఎవరికి చెప్పినా మొహం చిన్నబోతుంది. పన్ను కడుతున్నవాళ్లు, ఇక్కడే బతుకుతున్నవాళ్లు, సెనేటర్ తమకూ ప్రతినిధే అనుకున్నవాళ్లు. అమ్మ ఇప్పుడు మళ్లీ అప్లై చేయాలంటే ఆన్‌లైన్‌లో 710 డాలర్ల ఫీజు మళ్లీ కట్టాలి, కొత్త జాబితా మొదటి నుంచి నేర్చుకోవాలి. ఫీజు నేను కడతాను, జాబితా అమ్మ నేర్చుకుంటుంది. ఆ 128 ప్రశ్నలు నాకు భయం కాదు. మళ్లీ ఆ ఫారం దగ్గరికి వస్తేనే నాకు టెన్షన్.

డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే మొత్తం మినహాయింపు వస్తుందని మాకు చాలామంది సలహా ఇచ్చారు. నిజంగా మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు ఆ దారి ఉండాల్సిందే. అమ్మకు ఆ మాట చెప్తే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నాకు మతి తప్పిందని రాయించుకోవాల్నా?" అంది. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. చట్టం పెద్దవాళ్లకు న్యాయమైన దారి ఇవ్వనప్పుడు, జనం ఇలాంటి దారులు వెతుకుతారు. ఆరోగ్యంగా ఉన్న మనిషిని జబ్బు మనిషిగా రాయించుకునే పరిస్థితికి తేవద్దు.

ఈ వయసులో సిటిజన్‌షిప్ ఎందుకమ్మా అని మావాళ్లే కొందరు అడుగుతారు. మీలోనూ కొందరికి ఆ ప్రశ్న రావచ్చు. గ్రీన్ కార్డు మీద ఏడాది దాటి బయట ఉంటే కార్డే పోతుంది, ఆరు నెలలు దాటితే ప్రశ్నలు మొదలవుతాయి. మా పెద్దమ్మ మంచాన పడినప్పుడు అమ్మ ఊరు వెళ్లి అయిదు నెలలు దగ్గరుండి చూసుకుంది. ఆరో నెల రాబోతుందని భయపడి తిరిగి వచ్చేసింది. వచ్చిన పదకొండో రోజున పెద్దమ్మ పోయింది. ముందే అనుమతి కాగితం తీసుకుని వెళ్లొచ్చని నాకు తర్వాత తెలిసింది, ఆ తప్పు నాది. ఆ పదకొండు రోజులు అమ్మ ఎప్పుడూ పైకి అనదు.

రెండో కారణం ఓటు. అమ్మ మొదటి ఓటు 1977లో వేసింది, అప్పట్లో 21 ఏళ్లు నిండాలి. ఆ తర్వాత ఒక్క ఎన్నికా వదల్లేదు. నేను కడుపులో ఉండగా వేసింది, నాన్న పోయిన సంవత్సరంలో కూడా వేసింది. చివరిసారి 2014 ఏప్రిల్ 30న. ఇండియా ఎన్నికల్లో ప్రవాసులు ఓటు వేయాలంటే పోలింగ్ రోజున ఊళ్లో నిలబడాలి. ఇక్కడ పౌరురాలు కాదు. పన్నెండేళ్లుగా అమ్మ వేలికి సిరా అంటలేదు. మా స్కూల్ బోర్డు ఎన్నికల పాంప్లెట్ మెయిల్‌బాక్స్‌లో వస్తే నా చేత మొత్తం తెలుగులో చదివించుకుని, ఎవరికి వేయాలో నాకు చెప్తుంది. లైబ్రరీకి బడ్జెట్ తగ్గిస్తామన్న మనిషికి వేయొద్దని పోయినసారి గట్టిగా చెప్పింది.

ఇంకొకటి కూడా మీకు తెలియాలి. భారతదేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. అమ్మ ఇక్కడ ప్రమాణం చేసిన రోజున అక్కడి పౌరసత్వం పోతుంది. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు వస్తుంది గానీ, దాంతో ఓటు రాదు, ఊళ్లో గుంట వ్యవసాయ భూమి కూడా కొత్తగా కొనలేదు. వార్డు మెంబర్‌గా గెలిచిన ఊళ్లో ఓటరు కాకుండా పోతుంది. ఇదంతా నేను కూర్చోబెట్టి చెప్పాను. రెండు రోజులు ఆలోచించి, "ఉన్న ఊళ్లనే ఓటుండాలె బిడ్డా" అంది. తను వదులుకునేది ఏమిటో అంత తెలిసి వదులుకునే మనిషికి మీ ప్రమాణం అర్థం కాదంటే నేను ఒప్పుకోను.

మన తెలుగు సంఘాల పెద్దలకు కూడా ఇక్కడే ఒక మాట. అన్నయ్యలూ, అక్కయ్యలూ, మహాసభలకు మీరు కాంగ్రెస్ సభ్యులను పిలుస్తారు, శాలువా కప్పుతారు. ఈసారి స్టేజీ మీద వీసాల గురించి అడిగినప్పుడు, సెక్షన్ 312 గురించి కూడా ఒక్క నిమిషం అడగండి. ముందు వరుసలో పట్టుచీరలు కట్టుకుని కూర్చునే మన అమ్మలకు సంబంధించిన విషయం ఇది.

కాంగ్రెస్ సభ్యులను నేను కోరుతున్నది ఒక చిన్న సవరణ. 60 ఏళ్లు దాటి, గ్రీన్ కార్డుతో అయిదేళ్లు నిండిన ఎవరికైనా, ఇంకెన్నేళ్లు ఉన్నారన్న లెక్క లేకుండా, ఇంటర్వ్యూ, పరీక్ష రెండూ సొంత భాషలో జరగాలి. ప్రశ్నలు తగ్గించక్కర్లేదు, ఫారంలో ఒక్క ప్రశ్న కూడా వదలక్కర్లేదు. ఇంగ్లిష్ నేర్పే క్లాసులు లైబ్రరీల్లో కొనసాగాలి, నిధులు పెంచితే ఇంకా మంచిది. అమ్మ వాటికి ఎలాగూ వెళ్తుంది.

నా మాట నమ్మమని అడగడం లేదు. మా క్లాసు ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకు మొదలవుతుంది. మీలో ఎవరైనా ఒక్కసారి రండి. దుబాసీని మీరే తెచ్చుకోండి, మా మనుషులు వద్దు. 128 ప్రశ్నల్లో మీకు ఇష్టమైనవి అడగండి, జాబితాలో లేనివి కూడా అడగండి. అమ్మ ముందు వరుసలో కిటికీ పక్కన కూర్చుంటుంది. అర్జీల కవర్ ఆ రోజు తనే పట్టుకొస్తానంది.

ఇట్లు,
న్యూజెర్సీ నుంచి,
ఒక నల్గొండ వార్డు మెంబర్ కూతురు